పాత పనిముట్ల పెట్టె: దాని కాలమును తెలిసికొను విధము

మన గ్రామములలో పాతయిండ్లు విప్పునప్పుడు అటుకమీదినుండి దిగు వస్తువులలో కఱ్ఱపెట్టె యొకటి తఱచుగా నుండును. ఇత్తడి బిందెలకును, రాగి కాగులకును వెంటనే వెల కట్టుదురు. పెట్టెయొద్దకు వచ్చునప్పటికి అందఱును పెద్దల మొగము చూతురు. "ఇది యెన్నాళ్లనాటిది?" అని పిల్లలడుగుదురు. "నిజాముల కాలపుది" అని యొకరును, "అంతకు ముందుదే" అని మఱియొకరును చెప్పుదురు. నిజాముల యేలుబడి 1724 మొదలు 1948 వఱకు సాగినది. కావున ఆ జవాబువలన మనకు తెలియునది స్వల్పము.

పెట్టెను పరీక్షించి దాని కాలమును నిర్ణయించుటకు ఒక పద్ధతి కలదు. దానికి గొప్ప యంత్రములతో పనిలేదు. పగటి వెలుతురు, ఒక చిన్న దీపము, ఒక భూతద్దము, కొంచెము ఓపిక యున్న చాలును. ఆ పద్ధతిని ఈనాడు మీకు వివరింపదలచితిని.

సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు ప్రక్కను, హైదరాబాదునుండి బొంబాయి పోవు రహదారిమీద ముత్తంగి యను గ్రామము కలదు. 1970 తరువాత ఆ చుట్టుపట్ల కర్మాగారములు వెలసినవి. పిమ్మట హైదరాబాదును చుట్టివచ్చు వలయరహదారి అచ్చటనే పెద్ద రోడ్డును దాటినది. పొలములు పోయి ప్లాట్లు వచ్చినవి. మట్టిగోడల యిండ్లు పోయి మేడలు వచ్చినవి. ఇండ్లతోపాటు వానిలోని వస్తువులును చెదరిపోవుచున్నవి.

ఆ గ్రామములో వడ్రంగము కులవృత్తిగా నుండిన యొక యింట నేను చూచిన పెట్టెను ఉదాహరణముగా తీసికొందును. దాని పొడవు మూడడుగులు. వెడల్పును ఎత్తును ఒకటిన్నర అడుగు చొప్పున. లోపల పాత పనిముట్లు కలవు. ఇల్లు విప్పుటకు నిశ్చయమైనది. పెట్టె తన ముత్తాత చేతిపని యనియు, రెండువందల యేండ్లకు తక్కువ కాదనియు ఇంటి పెద్దాయన చెప్పెను. పాతసామానులు కొనుటకు వచ్చిన వర్తకుడు అది సీమపెట్టె యనియు, ఎవరో దొర రైలుపనికి తెచ్చి విడిచిపోయినదనియు, పనిముట్లు తనకక్కఱలేదు గాని పెట్టెను మాత్రము కొందుననియు చెప్పెను. ఇంటి చిన్నవారికి వర్తకుని మాటయే నచ్చినది. ఏలయన సీమవస్తువనిన వెల యెక్కువ. పెద్దాయనకు వెల ముఖ్యము కాదు. తన ముత్తాత చేసినదానిని దొరపేర నమ్ముటకు ఆయన మనసొప్పలేదు. ఇరువురి మాటలలో నేది నిజమో పెట్టెయే చెప్పవలసియుండెను.

పరీక్షకు దిగుటకు ముందు ఒక సూత్రమును జ్ఞాపకముంచుకొనవలెను. ఒక వస్తువు, దానితో మొదటినుండియు నున్న భాగములన్నిటిలో కడపటిగా లోకమునకు వచ్చిన భాగముకంటె పాతది కాజాలదు. టైరుల యెడ్లబండిని చూచి ఇది కాకతీయులనాటిదని ఎవరును అనరు గదా! అయితే పాతబండికే మొన్నమొన్న టైరులు తగిలించియు నుండవచ్చును. కావున ప్రతి భాగమును గుఱించియు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇట్టి భాగము లోకములోనికి ఎప్పుడు వచ్చినది? ఇది యీ వస్తువునకు మొదటినుండియు నున్నదా, నడుమ వచ్చి చేరినదా? ఈ రెండవ ప్రశ్నను మఱచుటచేతనే చాలమంది మోసపోవుచున్నారు.

మొదట కఱ్ఱను చూతము. రంగును నమ్మరాదు. వంటయింటి పొగ, చేతి జిడ్డు, వార్నీషు కొన్ని యేండ్లలోనే టేకును నల్లబఱచును. రంపపు గీతలు అంతకంటె మంచి సాక్షులు. పైభాగమును చిత్రిక పట్టి నునుపుచేసినను, అడుగు బల్లల క్రిందివైపును, ఎవరికిని కనబడని చోట్లను ఆ గీతలు మిగిలియుండును. ఒకడు పైనను ఒకడు క్రిందను నిలిచి లాగు కోతరంపము విడుచు గీతలు తిన్ననివే గాని యెడము సమానముగా నుండదు; అచ్చటచ్చట వాలును మాఱును. చక్రరంపము విడుచు గీతలు ధనుస్సువలె వంగియుండును. చక్రరంపము వ్యాపించినది 19వ శతాబ్దములో. కావున వంపుగీతలున్న పెట్టెను మిక్కిలి ప్రాచీనమని చెప్పరాదు. కాని చేతికోత మన పల్లెలలో 20వ శతాబ్దములోను చాలకాలము సాగినది. కాబట్టి తిన్నని గీతలున్నంతమాత్రమున పెట్టె పాతదని రుజువు కాదు.

కఱ్ఱకు మఱియొక గుణము కలదు. అది యెండినకొలది అడ్డముగా కుంచించుకొనును. నిలువుగా కుంచించుకొనుట లేదనియే చెప్పవచ్చును. అందుచేత పాతపెట్టె మూతబల్ల వెడల్పులో కొంచెము తగ్గి, దానికి అడ్డముగా కొట్టిన బద్దీల కొనలు వెలుపలికి వచ్చును. చేతితో తడవిచూచిన తెలియును. ముత్తంగి పెట్టె మూతకు ఈ లక్షణము స్పష్టముగా నున్నది.

కఱ్ఱ పాతదైనంతమాత్రమున పెట్టె పాతది కాదు. మన వడ్రంగులు మంచి కఱ్ఱను పాఱవేయరు. పాత తలుపు పెట్టెయగును, పెట్టె పీటయగును. ఆ పెట్టె అడుగు బల్లలలో నొకదానికి, పెట్టెతో నేమియు సంబంధములేని రంధ్రములు వరుసగా గలవు. అది యొక పాత తలుపునుండి తీసిన బల్ల. దానినిబట్టి పెట్టె వయస్సును లెక్కించినచో మనుమనికి తాత వయస్సును అంటగట్టినట్లగును.

ఇక మూలల కూర్పు. పావురము తోకవలె చివర వెడల్పుగా నుండు కుసులను ఒక బల్లకు కోసి, రెండవ బల్లకు వానికి సరిపడు గండ్లను తీసి, రెంటిని బిగించుట మంచి పెట్టెలకు గల లక్షణము. యంత్రముతో కోసినచో తోకలన్నియు ఒకే వెడల్పున, ఒకే యెడమున నుండును. చేతితో కోసినచో కొంచెము కొంచెము భేదముండును. కోతకు ముందు సూదిమొనతో గీచిన హద్దుగీత యిప్పటికిని కనబడును. రంపము ఆ గీతను వెండ్రుకవాసి దాటిన చోట్లును కలవు. ముత్తంగి పెట్టె చేతికూర్పే. కాని సీమలోను చేతికూర్పు పెట్టెలు చేసిరి గదా! వర్తకుని మాటకు జవాబు మఱియొకచోట దొరకినది. దీపమును లోపలికి దించి మూలలను చూచితిని. ఏ బల్ల యే బల్లతో కూడవలెనో తెలియుటకై పనివాడు మూలమూలకును అంకెలు చెక్కియుండెను: ౧, ౨, ౩, ౪. అవి తెలుగు అంకెలు. సీమలోని పనివాడు తన గుర్తునకై తెలుగు అంకెలు చెక్కడు. ఎవరికిని చూపుటకు గాక తనకొఱకే చెక్కుకొనిన గుర్తులు గనుక ఆ సాక్ష్యమున కపటము లేదు.

మేకులును మరలును కాలమును తెలుపుటలో మిక్కిలి ఉపకరించును. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన మేకు నలుపలకలుగా నుండి కొనకు సన్నబడును. తలమీద సుత్తిదెబ్బలు కనబడును. తీగను తెంచి యంత్రముతో చేసిన గుండ్రని మేకు 19వ శతాబ్దము చివరి భాగమున లోకమంతట వ్యాపించినది. మనవైపు 1874లో వాడినుండి సికింద్రాబాదువఱకు లింగంపల్లి మీదుగా రైలుమార్గము తెఱవబడిన పిమ్మట ఇట్టి దిగుమతి సరకు చేరుట సులభమైనది. అయినను కమ్మరి మేకు వెంటనే మాయము కాలేదు. ముత్తంగి పెట్టె అడుగున గుండ్రని మేకులే కలవు. కాని వాని ప్రక్కనే ఖాళీగా నున్న నలుపలక రంధ్రములును, వాని చుట్టు కఱ్ఱకు పట్టిన త్రుప్పు మరకయు కనబడినవి. అనగా మొదటి మేకులు కమ్మరివి. అడుగు వదులైన పిమ్మట ఎవరో తీగమేకులతో మరల బిగించిరి. గుండ్రని మేకులను మాత్రమే చూచినవాడు పెట్టెను ఉన్నదానికంటె క్రొత్తది చేసియుండును.

స్క్రూ అని మనము వాడుకలో ననెడి మరమేకు చరిత్ర యింకను స్పష్టమైనది. పూర్వము దాని కొన మొండిగా నుండెడిది. ముందు రంధ్రము చేసిగాని దిగవేయుటకు వీలులేదు. మొనగల మరమేకును యంత్రముతో చేయుట 1840 తరువాత అమెరికాలో సాధ్యమైనది. 1854 తరువాత ఇంగ్లండులోని బర్మింగుహాము ప్రాంతమున దానిని విస్తారముగా చేయసాగిరి. తలమీద అడ్డగీతకు బదులు కూడికగుర్తువంటి గంటు గల మరమేకు 1930 తరువాతిది. ముత్తంగి పెట్టెలో ఉలులు పెట్టుకొను చిన్న అరను నిలుపు బద్దీలకు అడ్డగీత గల మరమేకులున్నవి. ఒకదానిని మెల్లగా తీసిచూడగా మొన కలదు. రంధ్రము శుభ్రముగా నున్నది. ఆ ప్రక్కను వేఱు రంధ్రమేదియు లేదు. కావున అవి మొదటినుండియు నున్నవే. దానితో రెండువందల యేండ్ల మాట వీగిపోయినది. పెద్దాయన కొంచెము చిన్నబుచ్చుకొనెను గాని వాదింపలేదు.

తాళమునుబట్టి కాలమును చెప్పుట మిక్కిలి ప్రమాదము. తాళములు చెడును, మార్చబడును. తాళముమీద చేసినవాని పేరుండిన అది తాళపు కాలమును మాత్రమే చెప్పును. బొంబాయిలో గోద్రెజ్ వారు తాళములు చేయ మొదలిడినది 1897లో. వారి తాళము గల పెట్టె అంతకు ముందుదియు కావచ్చును, తరువాతిదియు కావచ్చును. తాళపురేకు చుట్టును కఱ్ఱ రంగును చూడవలెను. రేకుకంటె పెద్దదియగు లేతరంగు నీడ కనబడినచో, అచ్చట పూర్వము వేఱొక రేకుండెనని యర్థము. ముత్తంగి పెట్టెకు ఇట్టి నీడ కలదు.

తరువాత వ్రాత. మన పాతవస్తువులమీద సంవత్సరమును చెక్కినచో అది యే శకమో ముందు తెలిసికొనవలెను. శాలివాహన శకమైనచో 78 కలుపవలెను. హైదరాబాదు రాజ్యములో సర్కారు లెక్కలు ఫసలీలో నడచెను. ఆ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఆరంభమగును. అక్టోబరునుండి డిసెంబరువఱకు ఫసలీకి 590, జనవరి మొదలు 591 కలిపిన క్రీస్తు సంవత్సరము వచ్చును. హిజరీ వేఱు, అది చాంద్రమానము గనుక ఈ లెక్కకు లొంగదు. హిజరీ 1300 మనకు 1882లో మొదలైనది. ఫసలీ 1300 అయితే 1890లో. అంకె యొకటే యైనను ఎనిమిదేండ్ల భేదము వచ్చినది. ఇక ప్రభవాది నామములు అఱువదియేండ్లకొకసారి తిరిగివచ్చునవి. ఒంటరిగా నున్నచో అవి చాలవు, మఱియొక సాక్షి తోడు కావలెను.

ముత్తంగి పెట్టె మూతకు లోపలివైపున మసిని పొడిగుడ్డతో మెల్లగా అద్దగా "వికారి" అను పేరును, దాని క్రింద "ఫ ౧౩౦౯" అను అంకెలును బయటపడినవి. వికారి 1839లోను, 1899లోను, 1959లోను వచ్చినది. ఫసలీ 1309 అనగా 1899 అక్టోబరు మొదలు 1900 అక్టోబరు వఱకు. 1899 ఏప్రిలులో ప్రవేశించిన వికారి 1900 మార్చి చివర ముగిసినది. రెండును కలిసియున్న కాలము 1899 అక్టోబరునకును 1900 ఉగాదికిని నడుమ నున్న ఆఱుమాసములే. ఇంత సన్నని హద్దు దొరకుట అరుదు.

అయితే వ్రాతను ఎవరైనను తరువాత చెక్కవచ్చును గదా! అందుచేత వ్రాతనుగూడ పరీక్షింపవలెను. చెక్కిన గీతల లోపలి రంగు చుట్టునున్న కఱ్ఱ రంగుతో సమానముగా నున్నది. అంతకంటె బలమైన సాక్ష్యము వేఱొకటి కలదు. "రి" అను అక్షరపు చివరిభాగము మూతబద్దీ క్రిందికి పోయినది. బద్దీని బిగించిన కమ్మరి మేకులు కదలినవి కావు. కావున అక్షరములు ముందు, బద్దీ తరువాత. మూతను పూర్తిచేయకముందే ఆ తేదీ చెక్కబడినది.

పెట్టెలోని వస్తువులును సాక్షులే, కాని వానిని వేఱుగా విచారింపవలెను. అడుగున చార్మినారు బొమ్మగల హాలీ నాణెమొకటి దొరకినది. చార్మినారు ముద్ర హైదరాబాదు నాణెములమీదికి 20వ శతాబ్దారంభమున వచ్చినది. దానివలన తెలియునది, ఆ తరువాతను పెట్టె వాడుకలో నున్నదని మాత్రమే. రికార్డు అను ముద్రగల ఇనుపరందా యొకటి కలదు. ఆ ముద్రతో షెఫీల్డులో రందాలు చేయ మొదలిడినది 1931లో. అది కొడుకో మనుమడో కొనినది కావలెను. కొలబద్దపై అంగుళములు మాత్రమే కలవు. మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చి, తరువాతి కొన్ని యేండ్లలో అమలైనది. ఈ రీతిగా ఒక్క పెట్టెలో మూడు తరముల పని పొరలుపొరలుగా నిలిచియున్నది.

కఱ్ఱముక్కను శాస్త్రజ్ఞులకు పంపినచో కాలము తెలియదా యని మీరడుగవచ్చును. కర్బనపరీక్ష 1949 ప్రాంతమున అమెరికాలో లిబ్బీ యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టినది; వేలకొలది యేండ్లనాటి వస్తువులకది మిక్కిలి మేలైనది. కాని సుమారు 1650 మొదలు 1950 వఱకు గల కాలమునకు దాని జవాబు చాల వదులుగా నుండును. ఒకే ముక్కకు రెండుమూడు కాలములు సరిపోవును. పైగా అది చెప్పునది చెట్టు పెరిగిన కాలమును గాని పెట్టె చేసిన కాలమును గాదు. మన పెట్టెలకు కంటిపరీక్షయే ప్రధానము.

ఇతర దేశములలో ఇట్టి పెట్టెలను ఎంత గౌరవముతో కాపాడుచున్నారో రెండు దృష్టాంతములు చెప్పుదును. స్వీడను దేశమునకు చెందిన గాట్లాండు ద్వీపములో 1936లో ఒక రైతు, నీరుతీసిన చిత్తడినేలను దున్నుచుండగా నాగలికి ఓకుకఱ్ఱ పెట్టె తగిలినది. అది సుమారు వేయి సంవత్సరములనాటిది. దానియందును దాని చుట్టును వడ్రంగి, కమ్మరి పనిముట్లు మొదలగు వస్తువులు రెండువందలకు పైగా దొరకినవి. ఆనాటి పనివాని చేతిలో నేమేమి యుండెనో దానివలననే తెలిసినది. ఇక ఇంగ్లండులో బెంజమిను సీటను అను యువకునికి అతని తండ్రి 1796లో పనిముట్లు కొనియిచ్చెను. మఱుసటి యేట అతడు వానికొఱకు పెట్టె చేసికొనెను. పనిముట్ల పట్టికయు పెట్టెతోడనే నిలిచినందున ఈనాడు రోచెస్టరు ప్రదర్శనశాలలోని ఆ పెట్టెను గుఱించి ఊహతో పనిలేదు. ఆ పట్టికయే లేనిచో సగము సంగతులు తెలియకపోయెడివి.

మోసములను గుఱించియు రెండు మాటలు చెప్పవలెను. క్రొత్తపెట్టెకు పురుగురంధ్రములను సూదితో పొడిచి పాతదని అమ్మువారు కలరు. నిజమైన పురుగుదారి వంకరగా పోవును. సూదిరంధ్రము తిన్నగా పోవును. పురుగుదారి బల్లమీద తెఱచిన కాలువవలె కనబడినచో, పురుగు తినిన పిమ్మట ఆ బల్లను కోసిరని గ్రహింపవలెను. ఇక చట్టము. 1972నాటి పురావస్తువుల చట్టము 1976లో అమలునకు వచ్చినది. దానినిబట్టి, గతకాలపు కళలను, చేతిపనులను తెలుపు వస్తువులు నూఱేండ్లు నిండినచో పురావస్తువులగును. అట్టివానిని ప్రైవేటువారు విదేశములకు పంపరాదు. వానితో వ్యాపారము చేయువాడు సర్కారు అనుమతిపత్రము కలిగియుండవలెను. కావున కొనవచ్చినవానిని ఆ పత్రము చూపుమని యడుగుట మీ హక్కు.

ముత్తంగి పెట్టెకు నూటయిరువదియైదేండ్లు నిండినవి. అది సీమనుండి వచ్చినది కాదు. తెలుగు పనివాడు చేసినది. కాని ఆ పనివాడు ముత్తాతయే యనుటకు పెట్టె యొక్కటి చాలదు. అందులోని కఱ్ఱరందాలమీద మూడు అడ్డగీతలును ఒక చుక్కయు గల గుర్తు కలదు. మూత లోపలను అదే గుర్తు. ఇంటిలో వెదకగా నడిమి దర్వాజ కమ్ముమీదను ఆ గుర్తే కనబడినది. ఆ దర్వాజను ముత్తాత నిలిపెనని యింటివారందఱును ఎఱుగుదురు. అందులో వివాదము లేదు. పెట్టె, పనిముట్లు, ఇల్లు ఈ మూడును ఒకచోట నున్నందున ఆ మనుష్యుడు దొరకెను. ఒక్కవారము గడచినచో దర్వాజ కట్టెల యడితికి పోయెడిది. పనిముట్లు తూకమునకు పోయెడివి. పెట్టె దొరవారి దగును. ఒక్క పత్రమునైనను వ్రాసి యుంచని పనివానికి ఆ మూడు గీతలే చేవ్రాలు. చిన్నవారు ఆ గుర్తును చూచిన పిమ్మట వర్తకుని పంపివేసిరి. దర్వాజ కమ్మును క్రొత్తయింటికి తీసికొనిపోయిరి.

పెద్దలారా! మీ యిండ్లలో ఇట్టి పెట్టె యున్నచో దానిని తోమకుడు, రంగు వేయకుడు, మేకులు మార్చకుడు. పనిముట్లను పెట్టెనుండి విడదీయకుడు. ఛాయాచిత్రములు తీయించుడు. ఒక కాగితముమీద, ఇది యెవరిది, ఎవరు వాడిరి, ఏ పనిముట్టును ఏమని పిలిచెడివారు అను సంగతులను మీ నోటిమాటలతోనే వ్రాసి పెట్టెలో నుంచుడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను పల్లెలనుండి సేకరించి 1962లో వృత్తిపదకోశముగా వెలువరించిరి. వడ్రంగపు మాటలును అట్లే మీ నోటనే కలవు. బాడిసకును, బరమాకును మీ యూర నేమేమి పేర్లున్నవో మీ మనుమలెఱుగరు. కఱ్ఱ చెప్పగలిగినంత కఱ్ఱ చెప్పును. తక్కినది మీరు వ్రాసినగాని నిలువదు.